శ్రీలంకకు ఏ నెలలో వెళ్లాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా 430 కిలోమీటర్ల పైచిలుకు. అంత చిన్న దీవిలో ఒకే రోజు పడమటి తీరంలో ఈత వద్దని చెప్పే ఎర్రజెండాలు ఎగురుతుంటాయి, తూర్పు తీరంలో పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో ఆడుకుంటుంటారు. టికెట్లు బుక్ చేసే ముందు వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి.

ఒక్క ముక్కలో చెప్పండి. ఏ నెల మంచిది?

మొదటిసారి వెళ్తూ, నెల ఎంచుకునే వీలు మీ చేతిలోనే ఉంటే ఫిబ్రవరి లేదా మార్చి. ఆ రెండు నెలల్లో కొలంబో, గాలే, మిరిస్సా, క్యాండీ, నువారా ఎలియా, సిగిరియా రాతికోట అన్నీ ఒకే ట్రిప్పులో పెద్దగా తడవకుండా చూసి రావచ్చు. తూర్పు తీరం కూడా ఫిబ్రవరి దాటేసరికి తేరుకుంటుంది.

కానీ చాలామందికి ఆ వెసులుబాటు ఉండదు. పిల్లల బడి, ఆఫీసు లీవులు కలిసొచ్చినప్పుడే ప్రయాణం. అలాంటప్పుడు నెల సంగతి వదిలేసి, ఆ నెలలో దీవికి ఏ వైపు వెళ్లాలో చూసుకోండి. ఏదో ఒక వైపు బాగుండని నెల ఏడాదిలో దాదాపు ఒక్కటే ఉంటుంది, అది నవంబర్. దాని గురించి కింద చెప్తాను.

ఇంత చిన్న దేశంలో వాతావరణం ఇంత తేడాగా ఎందుకు ఉంటుంది?

మధ్యలో ఉన్న కొండల వల్ల. దీవి దక్షిణ భాగం నడిబొడ్డున కొండలు గోడలా లేచి నిలబడ్డాయి. అన్నిటికంటే ఎత్తయిన పిదురుతలాగల ఎత్తు 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం వైపు నుంచి వచ్చి ఈ కొండల పడమటి వాలుకు తగులుతాయి. మేఘాలు పైకి లేచి, చల్లబడి, ఉన్న నీళ్లన్నీ అక్కడే కురిపిస్తాయి. కొండ దాటి తూర్పుకి దిగేసరికి గాలి పొడిగా, వేడిగా మారిపోతుంది. తూర్పు తీరంలోని మట్టక్కళప్పు (బట్టికలోవా) వైపు ఆ వడగాలిని కచ్చాన్ అంటారు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వంతు. అప్పుడు వాన ఉత్తరం, తూర్పు, ఉత్తర మధ్య మైదానాల్లో పడుతుంది, పడమటి, దక్షిణ తీరాలు పొడిగా ఉంటాయి.

ఈ రెండింటి మధ్య రెండు సంధి కాలాలున్నాయి. ఒకటి మార్చి, ఏప్రిల్. రెండోది అక్టోబర్, నవంబర్. అప్పుడు గాలి ఒక దిక్కున గట్టిగా వీచదు. పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నానికి మబ్బు పట్టి, సాయంత్రం ఉరుములు మెరుపులతో కుండపోత. అందుకే కొలంబోలో వాన ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది, ఏప్రిల్, మేలలో ఒకసారి, అక్టోబర్, నవంబర్‌లో మరోసారి.

అంకెల్లో చెప్పాలంటే, పడమటి కొండవాలుల్లో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. ఆగ్నేయ, వాయవ్య అంచుల్లో 900 మిల్లీమీటర్లు కూడా పడని ప్రాంతాలున్నాయి. 2,500 మిల్లీమీటర్లు దాటితే తడి మండలం అనీ, 1,750 లోపు ఉంటే పొడి మండలం అనీ అక్కడ లెక్క. పొడి మండలం అన్నారు కదా అని అక్కడ ఎప్పుడు వెళ్లినా ఎండే అనుకోవద్దు. ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి జనవరి లోపే దంచేస్తుంది, మిగతా నెలలు ఖాళీ.

ఈ గాలుల లెక్క టీ కప్పులో కూడా తెలుస్తుంది. కొండలకు పడమట ఉన్న దింబులలో మంచి టీ జనవరి నుంచి మార్చి దాకా వస్తుంది, తూర్పున ఉన్న ఊవాలో జులై నుంచి సెప్టెంబర్ దాకా. రెండు చోట్లా కారణం ఒకటే, వాన అవతలి వైపు పడుతూ ఇటు పొడి గాలి వీచడం. ఊవాకు టీ సీజన్ నడుస్తోందంటే పక్కనే ఉన్న ఎల్లాలో కూడా ఆకాశం తేటగా ఉన్నట్టే.

రుతుపవనాల టైమ్‌లో వెళ్తే రోజంతా వానేనా?

సాధారణంగా కాదు. నైరుతి కాలంలో గాలే, బెంతోట వైపు పొద్దున ఒక జల్లు, మధ్యాహ్నం ఎండ, రాత్రికి మళ్లీ జల్లు, ఇలా నడుస్తుంది. జులై, ఆగస్టులో వాన మే నెల కన్నా తగ్గుతుంది. కానీ సముద్రం మాత్రం సెప్టెంబర్ దాకా అల్లకల్లోలంగానే ఉంటుంది. ఊళ్లు, కోటలు, మ్యూజియాలు చూసేవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఈత కొడదామని వెళ్లినవాళ్లే నిరాశపడతారు.

అల్పపీడనం పట్టిందంటే సంగతి వేరు. రెండు మూడు రోజులు ముసురు వదలదు.

అసలు ఎప్పుడు వెళ్లకపోవడం మంచిది?

నా సలహా అడిగితే అక్టోబర్ రెండో సగం నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా. అప్పుడు దీవిలో తప్పించుకోవడానికి పొడి వైపు అంటూ ఉండదు. నైరుతి వెళ్లిపోయి, ఈశాన్యం ఇంకా కుదురుకోక, మధ్యలో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం అది. 1978 నవంబర్‌లో మట్టక్కళప్పును చావుదెబ్బ తీసిన తుపాను ఈ కాలంలోదే. 2025 నవంబర్ చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు కొండ ప్రాంతాల్లో చరియలు విరిగిపడి, వరదలు ముంచెత్తి వందలమంది చనిపోయారు. రోడ్లు, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. ఏటా అలాగే జరుగుతుందని కాదు. హోటళ్లు చవగ్గా దొరుకుతున్నాయని నవంబర్‌కి బుక్ చేసేవాళ్లు మాత్రం ఈ సంగతి తెలిసి చేయాలి.

రెండో జాగ్రత్త మే రెండో సగం, పడమటి, నైరుతి జిల్లాలకు. రుతుపవనాలు దిగే రోజులు కాబట్టి ఒక్కసారిగా విరుచుకుపడతాయి. 2016 మేలో, 2017 మేలో వరుసగా పెద్ద వరదలు వచ్చింది ఈ రోజుల్లోనే. అరనాయక దగ్గర కొండచరియ ఊళ్ల మీద పడింది 2016లో.

ఎండాకాలం సెలవుల్లో తప్ప మాకు కుదరదు. ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం వరకు మీకు దొరికే రోజులైతే, ట్రిప్పుని తూర్పు వైపు తిప్పేయండి. కొలంబోలో దిగి, అక్కడ ఆగకుండా దంబుల్లా, సిగిరియా వైపు వెళ్లి, అక్కణ్నుంచి ట్రింకోమలీ. నీలావెళి, ఉప్పువెళి బీచ్‌లు, పావురాల దీవి చుట్టూ పగడపు దిబ్బలు, అన్నిటికీ మే నుంచి సెప్టెంబర్ దాకా మంచి కాలం. కావాలంటే పాసికుడా దాకా కిందికి దిగండి. అక్కడ తీరం నుంచి చాలా దూరం వరకు లోతు ఉండదు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఎండ గట్టిగానే ఉంటుంది, దానికి సిద్ధపడాలి. సిగిరియా, పొలొన్నరువ మధ్యాహ్నం పూట తిరిగితే పిల్లలు నీరసపడిపోతారు. గాలే, మిరిస్సా ఈ ట్రిప్పులో వదిలేయండి. అవి కూడా చూడాలని పట్టుబట్టి, అలల చప్పుడు వింటూ హోటల్ గదిలో కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

జులై, ఆగస్టు ఎలా ఉంటుంది?

నన్నడిగితే రెండోసారి వెళ్లేవాళ్లకి ఆగస్టుకు మించింది లేదు. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు ఆలయం ఏసల పెరహెర (ఊరేగింపు) ఉత్సవం జరిగేది జులై, ఆగస్టుల్లోనే. తేదీలు పున్నమిని బట్టి ఏటా మారతాయి. మొదటి అయిదు రాత్రులు కుంబల్ పెరహెర, తర్వాతి అయిదు రాత్రులు రందోలి పెరహెర, చివరి రాత్రులకు ఏనుగులు, కాగడాలు, డప్పులు, నృత్యకారులు అన్నీ పెరుగుతాయి. కుర్చీల టికెట్లు ఖరీదు. రోడ్డు పక్కన ఉచితంగా కూర్చోవచ్చు గానీ మధ్యాహ్నం నుంచే చాప వేసుకుని చోటు పట్టాలి. జనం తక్కువగా ఉండాలంటే కుంబల్ రాత్రుల్లో వెళ్లండి, అప్పుడు క్యాండీలో గదులు కూడా కాస్త అందుబాటులో ఉంటాయి.

అదే కాలంలో మిన్నేరియా పార్కులో ఏనుగులు, ట్రింకోమలీలో నిలకడైన సముద్రం, జాఫ్నాలో నల్లూరు కందస్వామి గుడి ఉత్సవం. దక్షిణ తీరం ఒక్కటి పక్కన పెడితే చాలు.

దసరా, సంక్రాంతి, క్రిస్మస్ సెలవుల సంగతి?

దసరా సెప్టెంబర్ చివరి వారంలోనో అక్టోబర్ మొదట్లోనో పడితే తూర్పు తీరం, సిగిరియా చుట్టుపక్కల ఇంకా బాగానే ఉంటాయి. అక్టోబర్ నడిమికి జరిగితే కొంచెం లాటరీ అనుకోండి. సాయంత్రం వానలు మొదలైపోతాయి.

క్రిస్మస్‌కి పడమటి, దక్షిణ తీరాలు తేరుకుంటాయి. అయితే డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా యూరప్ జనమంతా అక్కడే ఉంటారు, గది అద్దెలు చుక్కలు చూపిస్తాయి. సంక్రాంతి నాటికి ఆ రద్దీ తగ్గుతుంది, దక్షిణ తీరంలో వాతావరణం బాగుంటుంది. సిగిరియా, అనురాధపుర వైపు అప్పుడప్పుడు వాన తగులుతుంది. ట్రింకోమలీ మాత్రం అప్పటికి వద్దు.

బీచ్ కోసమే వెళ్తున్నాం. ఏ తీరం ఎప్పుడు?

డిసెంబర్ నుంచి ఏప్రిల్ మొదట్లో దాకా పడమటి, దక్షిణ తీరాలు: బెంతోట, హిక్కడువ, ఉణవటున, వెలిగామ, మిరిస్సా, తంగల్లె. మే నుంచి సెప్టెంబర్ దాకా తూర్పు: నీలావెళి, ఉప్పువెళి, పాసికుడా, అరుగం బే. సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకి వెలిగామ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అనువు. చెయ్యి తిరిగినవాళ్లు ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య అరుగం బే చేరుకుంటారు. సీజన్ కానప్పుడు అరుగం బేలో చాలా హోటళ్లు మూసేస్తారు, టీ తాగే చోటు కూడా వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సీజన్ కాని తీరంలో ఎండ కాస్తోంది కదా అని నీళ్లలో దిగొద్దు. ఆకాశం నీలంగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతుకి కూడా వెళ్లొద్దు. జెండా గానీ కాపలా గానీ లేని బీచ్ అయితే అక్కడి జాలర్లని అడగండి. వాళ్లు పడవలు ఒడ్డుకి లాగేసి వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారంటే, ఆ రోజు సముద్రం బాగా లేదని అర్థం.

తిమింగలాలను ఎప్పుడు చూడొచ్చు?

మిరిస్సా నుంచి నవంబర్, ఏప్రిల్ మధ్య. అందులో జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ట్రింకోమలీ నుంచి మే, ఆగస్టు మధ్య. నీలి తిమింగలాలు రెండు చోట్లా కనిపిస్తాయి. డాల్ఫిన్ల గుంపులు చూడాలంటే వాయవ్యాన కల్పిటియ, అక్కడ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు బోటు ఎక్కడానికి ముందే మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు.

ఏనుగులు, చిరుతల కోసం ఏ కాలం?

మిన్నేరియా గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. అక్కడి చెరువు మూడో శతాబ్దంలో మహాసేనుడు తవ్వించింది. జులై నుంచి అక్టోబర్ దాకా చుట్టుపక్కల అడవి ఎండిపోతుంది, చెరువులో నీళ్లు వెనక్కి తగ్గుతాయి. తగ్గిన మేర తడి నేలలో లేత పచ్చిక మొలుస్తుంది. ఆ గడ్డి కోసం, మిగిలిన నీళ్ల కోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ సాయంత్రానికి అక్కడికి దిగుతాయి. కాలితో గడ్డిని తన్ని, తొండంతో చుట్టి, వేళ్లకంటిన మట్టిని మోకాలికేసి దులిపి నోట్లో పెట్టుకుంటాయి. గున్నలు తల్లుల కాళ్ల మధ్య నుంచి బయటికి రావు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వందకు పైగా ఏనుగులు ఒకేచోట కనబడే సాయంత్రాలుంటాయి. అకాల వానకో కాలువ నీళ్లకో చెరువు నిండితే అవి పక్కనే ఉన్న కౌడుల్లకో హురులు ఎకో పార్కుకో మారిపోతాయి. అందుకే ఆ రోజు ఏ పార్కులో ఉన్నాయో జీపు డ్రైవర్‌ని అడిగి, ఆ తర్వాతే టికెట్ తీసుకోండి.

చిరుతలకు పేరున్న యాల పార్కులో ఫిబ్రవరి నుంచి జులై దాకా బాగుంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ జంతువులు గుంటల దగ్గరికి వస్తాయి. ఎండలు మరీ ముదిరే సెప్టెంబర్‌లో పార్కులో ఒకటో బ్లాకు అనే భాగాన్ని కొన్ని వారాలు మూసేయడం మామూలు, ముందే కనుక్కోవాలి. యాలలో జీపుల రద్దీ నచ్చనివాళ్లకి విల్పట్టు పార్కు మేలు. ఉడవలవే పార్కులో ఏనుగులు ఏడాదంతా ఉంటాయి, ఏ నెలలో వెళ్లినా ఉత్త చేతులతో రారు.

సింహరాజ వాన అడవి పేరులోనే వాన ఉంది. జనవరి నుంచి మార్చి దాకా, లేదంటే ఆగస్టులో వెళ్తే కాస్త తక్కువ తడుస్తారు. జలగలు మాత్రం ఎప్పుడైనా పడతాయి. పొడుగు సాక్సులు వేసుకుని ప్యాంటు అంచులు అందులోకి దోపండి.

నువారా ఎలియా, ఎల్లాలకు ఒకే సీజనా?

పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, కాదు. నువారా ఎలియా 1,868 మీటర్ల ఎత్తున కొండ నడినెత్తిన ఉంది, రెండు రుతుపవనాల వాన దానికి తగులుతుంది. ఎల్లా తూర్పు వాలులో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జులైలో నువారా ఎలియాలో చలి గాలి, ముసురు ఉన్న రోజునే ఎల్లాలో ఎండ కాయడం మామూలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఎల్లాకే ఎక్కువ వాన. జనవరి చివర నుంచి మార్చి దాకా అయితే రెండూ బాగుంటాయి.

చలి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నువారా ఎలియా ఏడాది సగటు ఉష్ణోగ్రతే 16 డిగ్రీల దగ్గర. జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు పేరుకునే రోజులున్నాయి. హోటల్‌లో వేడినీళ్లు, దళసరి దుప్పట్లు ఉన్నాయో లేదో అడిగి బుక్ చేయండి, ఏసీ ఉందా అని అడగక్కర్లేదు.

నువారా ఎలియా దగ్గరున్న కొండ మైదానాల పార్కు హార్టన్ ప్లెయిన్స్‌కి ఏ నెలలో వెళ్లినా తెల్లారకముందే బయల్దేరాలి. అక్కడి వరల్డ్స్ ఎండ్ అనే కొండ అంచున నిలబడితే కింద 800 మీటర్లకు పైగా లోతున్న లోయ. పొద్దున తొమ్మిది, పది దాటితే ఆ లోయలోంచి పొగమంచు పైకి లేచి తెల్లగా కమ్మేస్తుంది. రెండు అడుగుల అవతల ఏముందో కూడా కనబడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ తెల్లటి గోడ ముందే ఫోటో దిగి వెనక్కి నడుస్తారు.

క్యాండీ నుంచి ఎల్లా రైలు ప్రయాణానికి ఏ కాలం బాగుంటుంది?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆరేడు గంటల ప్రయాణంలో కొండ పడమటి వాలు, శిఖరం, తూర్పు వాలు మూడూ దాటతారు కాబట్టి మూడు రకాల ఆకాశాలు చూసే అవకాశం ఏ నెలలోనైనా ఉంది. రిజర్వుడు సీట్లకు నెల రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, సీజన్‌లో చూస్తుండగానే అయిపోతాయి. వానాకాలంలో చరియలు పడి లైను ఆగిపోతుంటుంది. దిత్వా తుపానుకు ఈ లైను బాగా దెబ్బతింది కూడా. కాబట్టి బయల్దేరే ముందు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రైళ్లు నడుస్తున్నాయో శ్రీలంక రైల్వే నుంచే తెలుసుకోండి. రైలు కుదరకపోతే కారులో వెళ్లే ఏర్పాటు మనసులో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

శ్రీపాద కొండ ఎప్పుడు ఎక్కాలి?

డిసెంబర్ పున్నమి నుంచి మే నెల వెసాక్ పున్నమి (బుద్ధ పూర్ణిమ) దాకా యాత్రా కాలం. 2,243 మీటర్ల శిఖరం మీద ఉన్న పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు ఆదాముది. ఆ నెలల్లో దారి పొడవునా లైట్లు, టీ కొట్లు, జనం. రాత్రి రెండింటికి మొదలుపెట్టి సూర్యోదయానికి పైకి చేరతారు. అయిదు వేలకు పైగా మెట్లు. శనాదివారాలు, పున్నమి రోజులు తప్పించండి, లేకపోతే చివరి మెట్ల మీద క్యూలోనే తెల్లారిపోతుంది. యాత్రా కాలం కానప్పుడు ఎక్కొచ్చు గానీ లైట్లుండవు, గాలీ వానా ఎక్కువ. ఒంటరిగా వద్దు.

శాంకరీ దేవి దర్శనం, రామాయణ స్థలాలు చూడాలనుకుంటున్నాం. ఎప్పుడు?

అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునే శాంకరీ దేవి ట్రింకోమలీలో, కోనేశ్వరం గుడి దగ్గర. సముద్రం మీదికి వాలిన కొండ కొమ్మున గుడి ఉంటుంది. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసులు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఫ్రెడరిక్ కోటలోంచే దారి, దారిలో జింకలు తిరుగుతుంటాయి. ఫిబ్రవరి చివర నుంచి సెప్టెంబర్ దాకా ఎప్పుడైనా హాయిగా వెళ్లొచ్చు. రాయి కాలుతుంది, దర్శనం పొద్దున్నే లేదా సాయంత్రం పెట్టుకోండి.

సీతమ్మ గుడి ఉన్న సీతా ఎలియా, నువారా ఎలియా దగ్గర. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే జనవరి చలి, జూన్ ముసురు రెండూ తప్పించి ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి. ఈ యాత్రకు దీవి రెండు వైపులా తిరగాలి కాబట్టి మార్చి అన్నిటికంటే కలిసొస్తుంది. చాలా ప్యాకేజీలు ఏడాది పొడవునా ఇదే రూట్ అమ్ముతాయి. నవంబర్‌లో మీకు అంటగట్టబోతే వద్దనండి.

సిగిరియా ఎక్కడానికి?

నెల కన్నా గంట ముఖ్యం. పొద్దున గేటు తెరవగానే ఎక్కండి. 1,200 దాకా మెట్లు, పై భాగంలో నీడ లేదు. అక్కడ కందిరీగల తుట్టెలున్నాయి, మాట్లాడొద్దని బోర్డులు పెట్టింది అందుకే. గాలి గట్టిగా వీచే రోజుల్లో ఇనప మెట్ల మీద చేయి వదలకండి. వాన పడితే ఆగిన తర్వాత ఎక్కండి, రాయి జారుతుంది.

పండగలు, సెలవు రోజుల వల్ల ఇబ్బంది ఉంటుందా?

ప్రతి పున్నమీ అక్కడ సెలవే, పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం కొట్లు మూసేస్తారు, గుళ్లు కిటకిటలాడతాయి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. ఆ రెండు మూడు రోజులు కొట్లు, హోటళ్లు చాలావరకు బంద్, డ్రైవర్లు కూడా ఊళ్లకి వెళ్లిపోతారు. ఏప్రిల్‌లో నువారా ఎలియాకు దేశమంతా తరలివస్తుంది, గుర్రప్పందాలు, పూల ప్రదర్శనలు ఉంటాయి గానీ గది దొరకదు. మే పున్నమికి వెసాక్ చూడదగ్గది. వీధులన్నీ కాగితపు లాంతర్లు, దారిన పోయే వాళ్లందరినీ ఆపి అన్నం, పానకాలు పెట్టే దన్సల్ పందిళ్లు. వాన భయం ఉన్నా ఆ రెండు రాత్రుల కోసం కొలంబోలో ఉండొచ్చు.

జాఫ్నా కూడా వెళ్లాలా? ఎప్పుడు?

వెళ్లాలి. జనవరి చివర నుంచి మార్చి దాకా ఎండ భరించగలిగేలా ఉంటుంది. ఏప్రిల్, మే మండిపోతుంది. నల్లూరు ఉత్సవం జులై, ఆగస్టుల్లో, కొన్నేళ్లు సెప్టెంబర్ దాకా, 25 రోజులు జరుగుతుంది, మగవాళ్లు చొక్కా విప్పే లోపలికి వెళ్లాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వద్దు.

ఫోన్‌లో చూస్తే పది రోజులూ వాన గుర్తే కనిపిస్తోంది. క్యాన్సిల్ చేయాలా?

వద్దు. అక్కడ రోజులో ఒక గంట జల్లు పడే అవకాశం ఉన్నా యాప్ ఆ గుర్తే పెడుతుంది. గంటల వారీగా చూడండి, ఊరు మార్చి చూడండి. కొలంబో చూసి ట్రింకోమలీ గురించి నిర్ణయం తీసుకోవద్దు. నమ్మాల్సింది శ్రీలంక వాతావరణ శాఖ బులెటిన్‌ని. కొండ ప్రాంతాలకు వెళ్తుంటే జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే చరియల హెచ్చరికలు కూడా చూడాలి. పసుపు, అంబర్ (నారింజ), ఎరుపు రంగుల్లో ఇస్తారు. అంబర్ వచ్చిన జిల్లాలో రాత్రి బస మార్చుకోండి, ఎరుపు వస్తే అటు పోనే వద్దు. విపత్తు నిర్వహణ కేంద్రం నంబరు 117.

డబ్బు కలిసొచ్చే నెలలు ఏవి?

దక్షిణ తీరానికి మే నుంచి అక్టోబర్, తూర్పు తీరానికి అక్టోబర్ నుంచి మార్చి. అంటే వానలు పడే నెలలే. కాస్త తెలివిగా వెళ్లాలనుకునేవాళ్లు అంచులు చూసుకోవాలి. ఏప్రిల్ పండగ అయిపోయిన వారం, సెప్టెంబర్ రెండో సగం, జనవరి రెండో వారం తర్వాత ధరలు దిగుతాయి, వాతావరణం ఇంకా పాడవదు. సెప్టెంబర్ అయితే తూర్పుకే.

రెండు తీరాలూ ఒకే ట్రిప్పులో చూడలేమా?

మార్చిలో చూడొచ్చు, ఏప్రిల్ మొదటి వారంలో కూడా. మిగతా నెలల్లో ఒకవైపు రాజీ పడాలి. పైగా మ్యాప్‌లో దగ్గరగా కనిపించినా రోడ్డు మీద దగ్గర కాదు. కొలంబో నుంచి గాలే హైవే మీద రెండు గంటల్లోపే, ట్రింకోమలీకి మాత్రం దాదాపు ఆరు గంటలు. ఆరు రోజుల ట్రిప్పులో రెండు తీరాలు పెట్టారంటే సగం సెలవు కారులోనే అయిపోతుంది.

ఏం సర్దుకోవాలి?

ఏ నెలలో వెళ్లినా మడిచే గొడుగు. కొండలకు స్వెటరు, చెవులు మూసే టోపీ. గుళ్లకు భుజాలు, మోకాళ్లు కప్పే లేత రంగు బట్టలు, పెరహెరకీ పోయకీ తెలుపు అయితే ఇంకా మంచిది. ఎండకు కాగిన రాతి మీద ఉత్త కాళ్లతో నడవాలి కాబట్టి గుళ్లలో వేసుకోవడానికి పాత సాక్సుల జత ఒకటి. ఫోన్‌కి, పాస్‌పోర్టుకి నీళ్లు దూరని కవరు. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి, టికెట్ తీసుకునే రోజునే శ్రీలంక ప్రభుత్వ ఈటీఏ (ప్రయాణ అనుమతి) సైట్‌లో చూసుకోండి.